డాబా మీద సోలార్: పర్మిషన్ల చుట్టూ తిరిగే అపోహలు, అసలు సంగతులు

ఇళ్ల మీద సోలార్ బిగించడం నా పని. కరెంటు ఎంత వస్తుందని అడిగేవాళ్లకంటే "పర్మిషన్ల కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలి?" అని అడిగేవాళ్లే ఎక్కువ. భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు, అవసరం లేని చోట బెంగపడతారు.

అపోహ: మున్సిపాలిటీలో ప్లాన్ అప్రూవల్ తీసుకోవాలి.

ఉన్న డాబా మీద మామూలు స్టాండ్లతో ప్యానెళ్లు పెట్టుకుంటుంటే మన దరఖాస్తు వెళ్లేది కరెంటు పంపిణీ చేసే సంస్థకే, అంటే డిస్కంకే. ఇంటి సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. దాని పోర్టల్లో కరెంటు సర్వీస్ నంబరు కొట్టి, కరెంటు బిల్లు జత చేసి అప్లై చేయాలి. మెలిక ఎక్కడంటే, కొందరు స్ట్రక్చర్‌ను మనిషెత్తుకు పైగా లేపి, తర్వాత దాని చుట్టూ గోడలు కట్టి గది చేసేస్తారు. "పైన ప్యానెళ్లే కదా సార్" అంటే టౌన్ ప్లానింగ్ వాళ్లు వినరు, వాళ్ల లెక్కలో అది కొత్త నిర్మాణం. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ అందరిదీ. అసోసియేషన్ ఒప్పుకున్నట్టు కాగితం చేతిలో పెట్టుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.

అపోహ: ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువుందంటే ఇక మనకు రాదు.

ఈ మాటకు కాలం చెల్లింది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. 10 కిలోవాట్ల వరకు ఇంటి సోలార్‌కు టెక్నికల్ ఫీజిబిలిటీ పరిశీలన, అంటే సాంకేతికంగా వీలవుతుందా అని చూడటం అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే. శాంక్షన్డ్ లోడ్, అంటే మన ఇంటికి మంజూరైన కరెంటు లోడు పెంచాల్సి వస్తే ఆ పని డిస్కందే. 5 కిలోవాట్ల లోపు సిస్టమ్ కోసం లైనునో ట్రాన్స్‌ఫార్మర్‌నో బలపరచాల్సి వచ్చినా ఆ ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. అయితే ఇదంతా అన్ని విధాలా పూర్తిగా ఉన్న దరఖాస్తుకే వర్తిస్తుంది. మనవాళ్లు ఇరుక్కునేది సరిగ్గా అక్కడే.

అపోహ: సర్వీస్ ఎవరి పేరు మీద ఉంటేనేం, ఇల్లు మాదే కదా.

బిల్లు తాతగారి పేరు మీద, ఇల్లు నాన్నగారి పేరు మీద, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద ఉన్న కుటుంబాలు ఎన్నో. బిల్లు ఠంచనుగా కట్టినంత కాలం ఎవరూ పట్టించుకోరు. సబ్సిడీ దగ్గరికొచ్చేసరికి బిల్లు మీద ఉన్న పేరు, ఖాతా పేరు కలవక ఫైలు ఆగుతుంది. ముందు పేరు మార్పిడి చేయించండి, ఆ తర్వాతే సోలార్‌కు అప్లై చేయండి. ఇంటి పేరు ముందుకీ వెనక్కీ మారినా, ఒక అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించుకోవడం మేలు.

అపోహ: ప్యానెళ్లు బిగించాక నెట్ మీటర్ (లైను నుంచి తీసుకున్నదీ, లైనుకు పంపిందీ విడిగా లెక్కేసే మీటరు) వచ్చేదాకా ఊరికే ఉంచడం దేనికి, ఆన్ చేసుకోవచ్చు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. చాలా పాత ఎలక్ట్రానిక్ మీటర్లకు కరెంటు ఎటు పోతోందో తేడా తెలియదు. దొంగతనం జరగకుండా, ఏ దిశలో పోయినా వాడకంగానే లెక్కేసేలా వాటిని తయారుచేశారు. మధ్యాహ్నం ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ మాత్రమే నడుస్తుంటే మిగిలిన సోలార్ కరెంటంతా లైనులోకి పోతుంది. ఆ యూనిట్లన్నీ మీరు వాడినట్టే మీటరు ఎక్కించుకుంటుంది. సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందని లబోదిబోమన్న ఒక ఇంటికి వెళ్లి చూస్తే జరిగింది ఇదే. మెయిన్ దించకుండా, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఒక్కటీ ఆపి చూశాం, పరుగెడుతున్న మీటరు నెమ్మదించింది! డబ్బు సంగతి అటుంచితే, డిస్కం వాళ్ల ఇన్‌స్పెక్షన్ కాకుండా గ్రిడ్‌కు, అంటే వాళ్ల లైనుకు కలపడం నిబంధనలకు విరుద్ధం.

ఇన్‌స్పెక్షన్ అంటే సంతకం కోసం వచ్చే తంతు అనుకుంటారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం దానితో ముడిపడి ఉంది. లైను ఆపి ఆయన పైకెక్కినప్పుడు మన డాబా మీది కరెంటు వెనక్కి వెళ్లకూడదు. అందుకే గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. "ఎండ కాస్తుంటే కరెంటు పోవడమేంటి" అని నన్ను తిట్టేవాళ్లున్నారు. అది లోపం కాదండీ, అలా ఆగకపోతేనే లోపం. కోతల్లోనూ ఇంట్లో కరెంటు కావాలంటే బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోవచ్చు. ఆ సంగతి దరఖాస్తులోనే చెప్పాలి. బ్యాటరీకి సబ్సిడీ మాత్రం ఉండదు. ఎర్తింగ్ కూడా చూస్తారు: ఇన్వర్టర్ నుంచి ఇంటికొచ్చే ఏసీ కరెంటు వైపుకు, ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు వైపుకు, పిడుగు నుంచి కాపాడే అరెస్టర్‌కు వేర్వేరు గుంతలు. ఒకే గుంతలో మూడు తీగలు కలిపి మమ అనిపించే వెండర్లు (సోలార్ అమ్మి బిగించేవాళ్లు) ఉంటారు, తవ్వేటప్పుడు దగ్గరుండి చూసుకోండి.

అపోహ: ఏ ప్యానెళ్లు పెట్టినా సబ్సిడీ వస్తుంది.

రాదు. ప్యానెల్ లోపలి సోలార్ సెల్, వాటిని కలిపి చేసిన మాడ్యూల్ (ప్యానెల్) రెండూ దేశంలో తయారైనవే ఉండాలి. వాటినే డీసీఆర్ ప్యానెళ్లంటాం. కాస్త ధర ఎక్కువ. 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలు కేంద్రం ఇచ్చే సబ్సిడీ కాబట్టి ఆ తేడా చూసి వెనకాడనక్కర్లేదు.

అపోహ: తర్వాత రెండు ప్యానెళ్లు కలుపుకుంటే ఎవరికి తెలుస్తుంది?

నెట్ మీటర్‌కు తెలుస్తుంది. కెపాసిటీ పెంచాలంటే మళ్లీ అప్లై చేయాలి.

అపోహ: కాగితాల పనంతా వెండరే చూసుకుంటాడు.

చూసుకుంటాడు, కానీ పోర్టల్లో మీ ఫోన్ నంబరుతోనే రిజిస్టర్ అవ్వండి. వెండర్ తన నంబరు ఇచ్చేస్తే ఓటీపీలన్నీ అతనికే పోతాయి, రేపు మీ ఫైలు ఎక్కడుందో చూడాలన్నా అతన్నే బతిమాలాలి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు ప్యానెల్ కంపెనీ, వాటేజ్, అయిదేళ్ల ఉచిత మెయింటెనెన్స్ రాసి ఉన్నాయో లేదో చదవండి. ప్యానెళ్లు పైకెక్కించకముందే వాటి సీరియల్ నంబర్లను ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఒకసారి బిగించాక, వెనకవైపు అంటించిన స్టిక్కర్ చదవాలంటే కిందికి దూరాల్సిందే.