గల్ఫ్ ప్రయాణం: జీతం కన్నా ముందు అప్పు

దుబాయ్‌లో ఏ పనికి ఎంత జీతమో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో దాదాపు అందరికీ తెలుసు. అయినా ఒకే వాడలో ఒక ఇంటి నుంచి ముగ్గురు పోతారు, పక్కింటి నుంచి ఒక్కరూ కదలరు. పోయే ఖర్చుకు అప్పు పుడుతుందా, అక్కడ మనవాడంటూ ఎవరైనా ఉన్నారా, మనిషి లేని నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది? ఇవి తేలాకే జీతం మాట.

గల్ఫ్ కన్నా ముందు ఈ ప్రాంతానికి బొంబాయి ఉంది. ఇక్కడి నుంచి వెళ్లిన కట్టుబడి కూలీలను అక్కడ కామాఠీలనేవారు. బొంబాయిలోని కామాఠీపుర పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. పద్మశాలీలు మగ్గాల పనికి షోలాపూర్, భీవండి బాట పట్టారు. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. పనివాళ్లను పంపే ఏజెంట్లు బొంబాయిలో ఉన్నారు, బొంబాయి తెలిసినవాళ్లు ఈ పల్లెల్లో ఉన్నారు. ముందు పోయినవాడు బావమరిదికి వీసా పంపాడు, ఆ బావమరిది తన తమ్ముడికి పంపాడు.

కరువుకు పేరుపడ్డ పాలమూరు నుంచి మాత్రం గల్ఫ్ వలస ఇంతగా లేదు. అక్కడ గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మరీ ప్రాజెక్టు పనులకు తీసుకుపోయేవాడు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ముందే డబ్బిచ్చే పనికే పోగలడు. ముందే డబ్బు అడిగే పనికి పోవాలంటే తాకట్టుకు ఎకరం పొలమో, అప్పిచ్చే చుట్టమో ఉండాలి. అందుకే గల్ఫ్‌కు పోయేది కటిక పేదలు కాదు, వాళ్లకన్నా ఒక మెట్టు పైనున్నవాళ్లు.

ఉత్తర తెలంగాణలో బావులు ఎండి, బోర్లు వేయించి, అవీ ఫెయిలై మిగిలిన అప్పులు మరికొందరిని తోశాయి. ఇక్కడి ఆడవాళ్ల చేతిలో బీడీల పని ఉండటం ఇంకో సంగతి. అది గొప్ప ఆదాయమేమీ కాదు. కానీ మొదటి నాలుగైదు నెలలు అక్కడి నుంచి రూపాయి రాకపోయినా పొయ్యి వెలుగుతుంది. వలస గురించి మాట్లాడేవాళ్లు ఈ బీడీల లెక్కను తరచూ వదిలేస్తారు.

1983 వలస చట్టం కింద లైసెన్సున్న ఏజెంటే మనుషులను పంపాలి. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే పోయే ముందు వలస అనుమతి కావాల్సిన) రకం కిందికి వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగ వీసా మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. ఏజెంటు ఫీజు 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. అంతకు మించి తీసుకోకూడదు. కానీ ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సూ ఉండదు, అతనిచ్చే రసీదూ ఉండదు. ఖర్చు లక్ష దాటేది అక్కడే.

ఆ లక్ష నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. జీతం 1,000 దిర్హాంలు, తిండికి 300 పోతే 700. దిర్హాం 23 రూపాయల లెక్కన 16,100. ఇంటికి 8,000, మొదటి నెల వడ్డీకి 2,000 తీస్తే అసలులోకి 6,100 జమవుతుంది. ఇలా అప్పు తీరడానికి సుమారు 15 నెలలు. రెండేళ్ల ఒప్పందంలో సంపాదన అనదగ్గది మిగతా తొమ్మిది నెలలే. అదే జీతం 800 అయితే రెండేళ్లకు అసలులో సగం కూడా తీరదు. ఏజెంటు చెప్పిన జీతానికీ అక్కడ చేతికొచ్చేదానికీ 200 దిర్హాంల తేడా వస్తే జరిగేది ఇదే. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు కనీస రెఫరల్ వేతనాలను, అంటే మనవాళ్లకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని తాను పెట్టిన జీతాలను, 30 నుంచి 50 శాతం తగ్గించినప్పుడు తెలంగాణలో గగ్గోలు పుట్టింది. 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది.

తొందరలో విజిట్ వీసా మీద పోయేవాళ్ల సంగతి మరీ దారుణం. ప్రొటెక్టర్ అనుమతి ఉండదు, నమోదైన ఒప్పందం ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 10 లక్షలిచ్చే ప్రవాసీ భారతీయ బీమా కూడా వర్తించదు. 'ఆజాద్ వీసా' అనేది ఇంకో ఉచ్చు. కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), పని చేసేది మరొకరి దగ్గర. చట్టంలో అలాంటి వీసా లేదు. అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, రెన్యువల్ కాకపోతే మనిషి 'ఖల్లివెల్లి' అవుతాడు, అంటే చెల్లే కాగితాలు లేనివాడవుతాడు.

సౌదీ 2011లో కంపెనీలు ఇంతమంది సౌదీలను పనిలో పెట్టుకోవాలనే నితాఖత్ తెచ్చి, 2013లో తనిఖీలు బిగించినప్పుడు ముందుగా దొరికింది వీళ్లే. కాగితాలు సరిచేసుకోవడానికో, జైలు లేకుండా ఇంటికి పోవడానికో గడువిచ్చారు. అలా తిరిగొచ్చినవాళ్లలో అప్పు తీరనివాళ్లకు ఊళ్లో కూలితో వడ్డీ కూడా వెళ్లదు. వాళ్లు మళ్లీ పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు దగ్గరికే పోయారు, ఈసారి ఖతార్‌కో కువైట్‌కో.