రోజూ గంట నడిచినా ఎముక ఎందుకు పట్టించుకోదు?

కూకట్‌పల్లిలో చిన్న జిమ్ నడుపుతున్న ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ దగ్గరికి అరవై దాటిన ఆడవాళ్ళు డెక్సా స్కాన్ (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే) రిపోర్టు పట్టుకుని వస్తున్నారట. టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5, లేదా ఇంకా కింద, అంటే ఆస్టియోపోరోసిస్, ఎముకలు గుల్లబారే జబ్బు. ఇంట్లోవాళ్ళేమో "బిందె కూడా ఎత్తకు, వాకింగ్ చేసుకో చాలు" అంటున్నారు. ఇలాంటి క్లయింట్లతో బరువులు ఎత్తించొచ్చా?

ఎత్తించాలి మేడమ్. కాకపోతే దానికో పద్ధతుంది. కాల్షియం, విటమిన్ డి, మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజెన్ పడిపోవడం, ఇవన్నీ అందరూ చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నా. నాకు మోజున్న విషయం వేరే: మీరు బరువెత్తారని లోపలున్న ఎముకకి ఎలా తెలుస్తుంది?

ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఆస్టియోసైట్లే. గట్టి ఎముక మధ్యలో చిన్న చిన్న గూళ్ళలో ఇరుక్కుని, సన్నటి చేతులు చాచి పక్క కణాల్ని పట్టుకుని ఉంటాయి. ఆ చేతులు వెళ్ళే కాలవల్లో ద్రవం ఉంటుంది. బరువు పడితే ఎముక వంగుతుంది, నిజంగానే, కాకపోతే పొడవులో 0.1 శాతం లాంటి లెక్కలో. ఆ కాస్త వంపుకే ద్రవం తోసుకుపోయి కణాన్ని రాసుకుంటుంది. అదే కబురు. అది అందగానే ఆస్టియోసైట్ స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ తయారీ తగ్గిస్తుంది. ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లకి 'వింట్' అనే సంకేతం అందకుండా అడ్డుపడేది ఈ స్క్లెరోస్టినే, అది తగ్గితే కట్టుబడి మొదలవుతుంది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చిన ఆస్టియోపోరోసిస్ మందు, రోమోసోజుమాబ్ ఇంజెక్షన్, పట్టుకుని ఆపేది కూడా ఈ ప్రోటీన్‌నే.

మరి నడిచినా ఎముక వంగుతుంది కదా? వంగుతుంది. ఇక్కడే అసలు తిరకాసు.

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల పక్కన ఇల్లు అద్దెకి తీసుకున్నవాళ్ళని చూడండి. కొత్తలో ప్రతి రైలుకీ ఉలిక్కిపడి లేస్తారు, కొన్నాళ్ళకి మంచం ఊగుతున్నా గురక ఆపరు. ఆస్టియోసైట్ అచ్చం ఆ అద్దెమనిషే, కాకపోతే దానికి అలవాటు పడటానికి కొద్ది నిమిషాలు చాలు. జంతువుల మీద ప్రయోగాల్లో వరసగా 20 లోడ్లు (ఎముక మీద ఒక్కోసారి పడే ఒత్తిడి ఒక లోడు) పడేసరికి ఎముక స్పందించే శక్తి 95 శాతం దాకా పోయింది, తిరిగి రావడానికి కొన్ని గంటల విశ్రాంతి కావాల్సొచ్చింది. 1984లో రూబిన్, లాన్యన్ పక్షుల రెక్క ఎముక మీద చేసిన పనిలో రోజుకి 4 లోడ్లు పడితే ఎముక అరగడం ఆగింది, 36 పడితే పెరిగింది, వందలూ వేలూ వేసినా అంతకు మించి లాభం లేదు. ఎలుకల్లో 360 లోడ్లు ఒక్కసారే వేసినదానికంటే 90 చొప్పున నాలుగు విడతలుగా, మధ్యలో గ్యాప్ ఇచ్చి వేస్తే ఎముక బాగా పెరిగింది.

కేబీఆర్ పార్కు చుట్టూ గంట నడక అంటే వేల అడుగులు, అన్నీ ఒకే బరువు, ఒకే వేగం, ఒకే దిక్కు. అన్నీ అలవాటైన రైళ్ళే. ఈత గుండెకి మంచిదే, ఎముక వరకూ అయితే ఆ లైన్లో రైళ్ళే లేవు. బరువు పట్టుకుని కదలకుండా నిలబడితే రైలు స్టేషన్లో ఆగి ఉన్నట్టే, చప్పుడుండదు. నిద్ర లేపాలంటే ఎప్పుడూ రానంత బరువైన గూడ్సు రావాలి, వేగంగా రావాలి, కొత్త పట్టా మీద వస్తే ఇంకా మేలు, వెళ్ళాక కాసేపు నిశ్శబ్దం ఉండాలి.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీవాళ్ళు మనుషుల్లో చేసింది దాదాపు ఇదే. లిఫ్ట్‌మోర్ అనే ఆ ట్రయల్ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఎముక సాంద్రత తగ్గిన, మెనోపాజ్ దాటిన 101 మంది ఆడవాళ్ళు, 8 నెలలు. ఒక జట్టుకి వారానికి రెండే రెండు సార్లు, అరగంట చొప్పున, కోచ్ పక్కనుండగా డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు ఎత్తి నిలబడటం), స్క్వాట్ (బరువుతో గుంజీలు), ఓవర్‌హెడ్ ప్రెస్ (బరువు తలపైకి ఎత్తడం) (ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 80-85 శాతం, 5 సార్లు చొప్పున 5 విడతలు), పైగా బార్ పట్టుకుని ఎగిరి దభీమని దిగడం. ఇంటి దగ్గర తేలిక వ్యాయామం చేసిన జట్టుకి నడుము వెన్నెముక సాంద్రత 1.2 శాతం తగ్గితే, వీళ్ళకి 2.9 శాతం పెరిగింది. ఎవరికీ ఎముక విరగలేదు. అయితే మొదటి నెల తక్కువ బరువుతో పద్ధతి నేర్పాకే అక్కడిదాకా వెళ్ళారు, ఆ ముక్క వదిలేసి నేరుగా బార్‌బెల్ చేతికివ్వకండి. వెన్నుపూస ఇప్పటికే విరిగిన క్లయింటైతే డాక్టరు, ఫిజియో చూశాకే ఏదైనా.

నా అసలు టెన్షన్ బరువుల గురించి కాదు, ముందుకి వంగడం గురించి. మాయో క్లినిక్‌లో సినాకి, మికెల్సెన్ 1984లోనే చూపించారు: వెన్నెముక ఆస్టియోపోరోసిస్ ఉన్న ఆడవాళ్ళలో ముందుకి వంగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి, వెనక్కి వాల్చే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతం మందికే. ఆ ట్రయల్ చిన్నది, 59 మందే, అయినా తేడా చూడండి. నడుము గుండ్రంగా వంచితే పూస ముందు అంచు మీద బరువంతా పడుతుంది. మన యోగా క్లాసుల్లో అరవై ఏళ్ళ పెద్దమ్మలతో కూడా పశ్చిమోత్తానాసనం వేయించి, తల మోకాలికి తగల్లేదని వీపు మీద నొక్కుతుంటారు, అది మాత్రం ఆపించండి. సిట్-అప్స్ కూడా.

పాయా తాగితే ఎముక గట్టిపడుతుందా అని కూడా అడిగారు. ఎముక సూప్‌లోకి దిగే కాల్షియం చాలా తక్కువ, అందులోని జిగురు కడుపులో మామూలు ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది. రుచి కోసం తాగండి, నేనూ తాగుతాను.

ఇంకొకటి, మూడు నెలలకే మళ్ళీ స్కాన్‌కి పంపకండి. పాత ఎముక తవ్వి కొత్తది కట్టి గట్టిపడటానికి నెలలు పడుతుంది, పైగా డెక్సా మెషీన్‌కే ఒకటి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. ఏడాది దాటాక, అదే సెంటర్లో, అదే మెషీన్ మీద తీయించండి.