ప్లాస్టిక్ డబ్బాలు తీసేయండి, మాత్ర మాత్రం ఆపకండి: హార్మోన్ల డాక్టర్‌గా నేను రోజూ వినే అపోహలు

పోయిన నెల ఒక అమ్మాయి వచ్చింది. రెండో నెల గర్భం. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. బ్యాగులోంచి కొత్త స్టీలు సీసా తీసి నా బల్ల మీద పెట్టి, "డాక్టర్ గారూ, ఇప్పుడు మా వంటింట్లో ఒక్క ప్లాస్టిక్ డబ్బా కూడా లేదండీ. అన్నీ తీసేశాను. అందుకే మాత్ర కూడా మానేశాను" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. మానేసి పది వారాలైంది. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోన్) 38 వచ్చింది, అంటే ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. పుట్టబోయే బిడ్డ కోసమే చేసింది పాపం. ప్లాస్టిక్‌లోని రసాయనాలే థైరాయిడ్‌ని పాడుచేస్తాయని, ప్లాస్టిక్ మానేస్తే గ్రంథి దానంతటదే కోలుకుంటుందని ఎవరో వీడియోలో చెబితే నమ్మింది. ఆ వీడియో చేసినవాళ్ల మీద మాత్రం చాలా కోపం వచ్చింది. ఇలాంటివాళ్లు నాకు వారానికి ఒకరిద్దరు కనిపిస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ప్లాస్టిక్ వల్లే నాకీ జబ్బు వచ్చింది. ప్లాస్టిక్ మానేస్తే మందు అక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను.

అయోడిన్ సరిపడా అందుతున్న చోట థైరాయిడ్ మందగించడానికి ప్రధాన కారణం హషిమోటో అనే జబ్బు. మన రోగనిరోధక శక్తే పొరబడి మన గ్రంథి మీద దాడి చేస్తుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కణాలు దెబ్బతింటూ పోతాయి. అలా పోయినవి సీసా మార్చినంత మాత్రాన తిరిగి రావు. అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య పీసీఓడీకి వంశపారంపర్యం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ముఖ్యమైన కారణాలు. పీసీఓడీ ఉన్నవాళ్ల రక్తంలో బీపీఏ (కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం) కాస్త ఎక్కువగా కనిపించిందని చెప్పే అధ్యయనాలు ఉన్న మాట నిజమే. అయితే బీపీఏ వల్ల పీసీఓడీ వచ్చిందా, లేక పీసీఓడీలో పెరిగే మగ హార్మోన్ల వల్ల బీపీఏ ఒంట్లోంచి బయటికి పోవడం నెమ్మదించిందా? ఒక్కసారి తీసిన రక్తం చూసి ఈ సంగతి ఎవరూ చెప్పలేరు. "మీకు ఫలానా డబ్బా వల్లే వచ్చింది" అని ఒక మనిషికి వేలెత్తి చూపించే పరీక్ష ఏదీ లేదు.

మరి మాత్ర మానేసినా బాగానే ఉందని అంతమంది ఎందుకు చెబుతున్నారు? దీనికి రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడాలి.

థైరాక్సిన్ మాత్ర మానేశాక రక్తంలో ఉన్న మందు సగానికి రావడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది. ఇంకో వారానికి అందులో సగం. అంటే రెండు మూడు వారాల దాకా మనిషికి పెద్ద తేడా తెలియదు. టీఎస్‌హెచ్ పూర్తిగా కొత్త స్థాయికి చేరడానికి ఆరు వారాలు పడుతుంది. సరిగ్గా ఈ మధ్య కాలంలోనే అందరూ మోసపోతున్నారు. కొత్త డబ్బాలు కొన్నారు, మాత్ర మానేశారు, పదిహేను రోజులైనా ఏమీ కాలేదు, కాబట్టి డబ్బాలు పనిచేశాయి అనుకుంటారు. నిజానికి అప్పటిదాకా నడిపించింది పాత మాత్రలే. ఆ తర్వాత నీరసం, మలబద్ధకం, చలి ఒక్కొక్కటిగా వస్తాయి. అప్పటికి మాత్ర సంగతి మర్చిపోయి, ఇంకా ఏ ప్లాస్టిక్ మిగిలిందా అని ఇల్లంతా వెతుకుతారు.

రెండో లెక్క బీపీఏది. అది నోటి ద్వారా ఒంట్లోకి వెళితే కాలేయం దాన్ని మార్చేస్తుంది, మూత్రంలో పోతుంది. కొన్ని గంటల్లో సగం, ఒక రోజులో దాదాపు అంతా. అలాంటప్పుడు "పదేళ్లుగా పేరుకుపోయిన ప్లాస్టిక్ విషాన్ని ఇరవై ఒక్క రోజుల్లో కడిగేస్తాం" అని అమ్మే పొడులు దేన్ని కడుగుతున్నట్టు? నిన్న లోపలికి వెళ్లింది రేపటికి ఎలాగూ పోతుంది. కాకపోతే రోజూ కొత్తగా వస్తూనే ఉంటుంది. అమెరికాలో 2003-04లో ఆరేళ్లు దాటినవాళ్ల మూత్ర నమూనాలు పరీక్షిస్తే 93 శాతంలో బీపీఏ కనిపించడానికి కారణం అదే. కాబట్టి మార్చుకోదగ్గవి రోజువారీ అలవాట్లే. పొడులకు డబ్బు పోయకండి.

ఆ పొడుల సంగతి ఇంకొకటి చెప్పాలి. ఒక పెద్దాయన థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ బాగా పడిపోయింది, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పెరిగింది. కాగితం మాత్రమే చూస్తే మందు ఎక్కువైందనిపిస్తుంది. ఎదురుగా మనిషిని చూస్తే ముఖం ఉబ్బి, మాట నెమ్మదించి, మందు తక్కువైనవాడిలా ఉన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే డిటాక్స్ ప్యాకెట్ బయటికి తీశాడు. అందులో బయోటిన్ అనే విటమిన్ పెద్ద మోతాదులో ఉంది. బయోటిన్ చాలా ల్యాబ్‌లు వాడే పరీక్ష పద్ధతినే తప్పుదారి పట్టిస్తుంది. అది ఆపించి, కొన్ని రోజులాగి మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ ఎక్కువే వచ్చింది. మొదటి రిపోర్టు నమ్మి ఉంటే ఆయన డోసు తగ్గించి ఉండేవాళ్లం. ఏ పొడి వాడుతున్నా పరీక్షకు ముందే డాక్టర్‌కి చెప్పండి.

ఇక గర్భం విషయం. కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ సరిపడా తయారవడం సగం నెలలు నిండే దాకా కుదరదు. అప్పటిదాకా బిడ్డ మెదడు ఎదుగుదలకు అమ్మ హార్మోనే ఆధారం. అందుకే గర్భం అని తెలియగానే చాలామందికి డోసు పావు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. సరిగ్గా పెంచాల్సిన సమయానికి ఆ అమ్మాయి పూర్తిగా మానేసి ఉంది. ఆ రోజే మాత్ర మొదలుపెట్టించాను, నాలుగు వారాలకోసారి పరీక్ష చేస్తున్నాం. స్టీలు సీసా కూడా చక్కగా వాడుకోమన్నాను. ఆ రెండిటికీ పోటీ ఏమీ లేదు కదా.

అపోహ: ఇదంతా పుకారే. ఇంత చిన్న మోతాదు ఏం చేస్తుంది?

భయపడేవాళ్లకు ధైర్యం చెప్పబోయి కొందరు డాక్టర్లు కూడా ఈ మాట అనేస్తున్నారు. అది కూడా తప్పే.

బీపీఏ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుందన్న సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 1936లోనే లండన్‌లో డాడ్స్ అనే శాస్త్రవేత్త దాన్ని ఈస్ట్రోజెన్ మందుగా పనికొస్తుందేమో అని పరీక్షించాడు. మన అసలు ఈస్ట్రోజెన్ కంటే వేల రెట్లు బలహీనం అని తేలింది. 1938లో అదే బృందం అంతకంటే చాలా బలమైన డీఈఎస్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్‌ని తయారుచేసింది. గర్భస్రావం కాకుండా అని ఏళ్ల తరబడి గర్భిణులకు దాన్ని ఇచ్చారు. 1971లో బోస్టన్ డాక్టర్లు, ఆ తల్లులకు పుట్టిన ఆడపిల్లల్లో యుక్తవయసులో అరుదైన యోని క్యాన్సర్ వస్తోందని గుర్తించారు. డీఈఎస్ మందుగా మింగిన పెద్ద మోతాదు, దాన్ని డబ్బాలోంచి వచ్చే జాడలతో సమానం చేయకూడదు. కానీ మా రంగానికి అదొక మర్చిపోలేని పాఠం నేర్పింది. తల్లికి ఏమీ చేయని హార్మోన్ కూడా కడుపులో బిడ్డ అవయవాలు తయారయ్యే వారాల్లో చేరితే, దాని ఫలితం ఇరవై ఏళ్లకు బయటపడవచ్చు.

పీవీసీ అనే ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్లనే రసాయనాల మీద నాకున్న ఆందోళన కూడా ఇలాంటిదే. అవి ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కుని ఉండవు. వేడికీ నూనెకూ జారి బయటికి వస్తాయి. వాటిలో కొన్ని మగ హార్మోన్‌కి అడ్డుపడతాయని జంతువుల్లో స్పష్టంగా తేలింది. గర్భిణుల మీద చేసిన అధ్యయనాలు కూడా మగబిడ్డల విషయంలో అదే వైపు చూపిస్తున్నాయి. పిల్లల బొమ్మల్లో వీటికి చాలా దేశాలు హద్దు పెట్టింది ఊరికే కాదు.

బీపీఏ విషయంలో శాస్త్రవేత్తలే ఇంకా పోట్లాడుకుంటున్నారు. రోజూ ఎంత లోపలికి వెళ్లినా ఫరవాలేదు అనే హద్దును యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఒక్కసారిగా 20,000 రెట్లు తగ్గించింది. కిలో బరువుకు 4 మైక్రోగ్రాములు ఉన్నది 0.2 నానోగ్రాములకు దించింది. జర్మనీ సంస్థ అంత అవసరం లేదని, 200 నానోగ్రాములు చాలని వాదించింది. రెండు పెద్ద సంస్థల మధ్య తేడా వెయ్యి రెట్లు! ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏని నిషేధించాలని యూరప్ 2024 డిసెంబరులో నిర్ణయించింది. ఎవరైనా "నిరూపణ అయిపోయింది" అన్నా, "ఏమీ లేదు" అన్నా తొందరపడుతున్నట్టే.

ఎవరు ఎంత పట్టించుకోవాలని నన్నడిగితే: గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు శ్రద్ధగా పట్టించుకోవాలి. మిగతావాళ్లు అలవాట్లు మార్చుకుంటే చాలు, దీని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. పొగ తాగుతూ, నిద్ర లేకుండా, షుగర్ మందులు ఎగ్గొడుతూ నీళ్ల సీసా గురించి టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మిగతావి, త్వరత్వరగా

నీళ్ల సీసా ఫ్రీజర్‌లో పెడితే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయన్నది అబద్ధం. చలికి రసాయనాలు కదలడం తగ్గుతుంది. డయాక్సిన్లు పుట్టడానికి మంట కావాలి. ప్లాస్టిక్ చెత్త తగలబెట్టిన పొగకి భయపడండి, ఆ భయంలో న్యాయం ఉంది.

మామూలు నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్ పేరులో "టెరిఫ్తాలేట్" అని ఉంటుంది. అది థాలేట్ కాదు, ఆ సీసాల్లో బీపీఏ కూడా వాడరు. అయినా వాటిని ఎండలో, వేడి కారులో వదిలేయకండి.

"బీపీఏ లేదు" అనే ముద్ర చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండొద్దు. చాలాచోట్ల దాని బదులు వాడుతున్నది బీపీఎస్, బీపీఎఫ్. అవీ ఆ కుటుంబంవే, పనితీరూ దగ్గరదగ్గరగానే ఉంది.

వారానికి క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ తింటున్నాం అనే అంకె 2019లో వచ్చింది. తర్వాత మళ్లీ లెక్కలు వేసినవాళ్లకు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ వచ్చింది.

మూత్రంలో బీపీఏ పరీక్ష చేయించుకుని రిపోర్టు పట్టుకుని రావద్దు. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తుంది. ఇంత దాటితే జబ్బు అనే హద్దు లేదు, దాన్నిబట్టి ఇచ్చే వైద్యమూ లేదు.

ఇంట్లో ఏం చేయాలి

వేడి, నూనె, పాతబడిన ప్లాస్టిక్, ఈ మూడూ కలవనివ్వకండి. మైక్రోవేవ్‌లో పెట్టేటప్పుడు గాజులోకో పింగాణీలోకో మార్చండి. గీతలు పడి మసకబారిన డబ్బాల్లో తినే వస్తువులు పెట్టొద్దు. డబ్బా అడుగున 3 అని ఉంటే పీవీసీ, 7 అని ఉంటే బీపీఏతో చేసే పాలీకార్బనేట్ కావచ్చు. ఆహారానికి ఆ రెండూ తప్పిస్తే చాలు. 2, 5 అంకెలున్నవి పొడి సరుకులకు నిక్షేపంగా వాడుకోవచ్చు, పారేయాల్సిన పని లేదు.

అందరూ సీసానే అనుమానిస్తారు కానీ రేకు టిన్నుల్లో వచ్చే ఆహారం గురించి ఎవరూ అడగరు. టిన్నుల లోపలి పూతలో చాలాకాలం బీపీఏ వాడారు. 2011లో ఒక ప్రయోగంలో ఐదు రోజులు రోజుకో టిన్ను సూపు తాగినవాళ్ల మూత్రంలో బీపీఏ పది రెట్లకు పైగా పెరిగింది. అదే ఏడాది ఇంకో ప్రయోగంలో ఐదు కుటుంబాలకు మూడు రోజులు ప్యాకింగ్ లేని తాజా ఆహారం పెడితే బీపీఏ మూడింట రెండు వంతులు, డీఈహెచ్‌పీ అనే థాలేట్ జాడలు సగానికి పైగా తగ్గాయి. మూడే మూడు రోజుల్లో! ఇది నేను రోగులకు చెప్పే మంచి వార్త. బిల్లు కౌంటర్‌లో ఇచ్చే నున్నటి రసీదు మీద కూడా బీపీఏనో బీపీఎస్సో ఉంటుంది, శానిటైజర్ రాసుకున్న తడి చేత్తో పట్టుకోకండి.

పాలసీసా గురించి తల్లులు ఎక్కువగా అడుగుతారు. పాలపొడి కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది బ్యాక్టీరియా చావడానికి. ప్లాస్టిక్‌కి భయపడి చల్లటి నీళ్లలో కలిపితే పసిబిడ్డకు అసలైన ప్రమాదం అదే. నీళ్లు స్టీలు గిన్నెలో మరిగించి, గాజు గ్లాసులో పాలు కలిపి, ఆరాక సీసాలో పోయండి. రెండు సమస్యలూ తీరతాయి.

నెలలు నిండకుండా పుట్టిన ఒక మగబిడ్డ తండ్రి ఒకసారి ఐసీయూ బయట నన్ను ఆపి, లోపల వాడుతున్న గొట్టాల్లో డీఈహెచ్‌పీ ఉందని చదివానని, వాటిని తీయించేయమని ఏడ్చాడు. ఆయన చదివింది నిజమే. అలాంటి బిడ్డలకు వీలైనంతవరకు డీఈహెచ్‌పీ లేని గొట్టాలు వాడమని అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే సూచించింది, అవసరమైన చికిత్సను మాత్రం దీనికోసం ఆపొద్దని కూడా చెప్పింది. ఆయన్ని కూర్చోబెట్టి ఈ రెండు ముక్కలూ చెప్పాను. తర్వాత ఆయన లోపలికి వెళ్లి, "డీఈహెచ్‌పీ లేని గొట్టాలు ఉన్నాయా సిస్టర్?" అని అడిగారు. కొన్నిటికి ఉన్నాయి, మార్చారు. లేనివి అలాగే ఉంచారు.