గడ్డకట్టినా కుదురుకోని మంచు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ప్రతి పదార్థం ఎంట్రోపీ సున్నా అయిపోతుందా అని అడిగారు. పరమ శూన్యం దగ్గర పరిపూర్ణ స్ఫటికం ఎంట్రోపీ సున్నా అంటుంది ఉష్ణగతిక శాస్త్రపు మూడో నియమం. అందులో "పరిపూర్ణ స్ఫటికం" (అంటే లోపలి అణువులన్నీ ఒకే ఒక్క వరసలో కుదురుకున్నది) అన్న మాట ఒకటుంది చూడండి. కిటుకంతా అందులోనే ఉంది.

ఎంట్రోపీ అంటే గందరగోళం అని చెప్పేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. అదొక లెక్క. పైకి ఒకేలా కనబడే వస్తువు లోలోపల ఎన్ని రకాలుగా అమరి ఉండగలదో ఆ లెక్క. వియన్నాలో భౌతిక శాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన సూత్రం చెప్పేది ఇదే. అమరిక ఒక్కటే అయితే, ఒకటికి లాగరిథమ్ సున్నా కనుక ఎంట్రోపీ కూడా సున్నా.

కానీ అన్ని పదార్థాలూ ఒక్క అమరికకు రావు. కార్బన్ మోనాక్సైడ్ అణువుకు ఒక కొసన కార్బన్, రెండో కొసన ఆక్సిజన్. రెండు కొసలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి 68 కెల్విన్ దగ్గర (అంటే పరమ శూన్యానికి 68 డిగ్రీల పైన) గడ్డకట్టేటప్పుడు అణువు ఎటు తిరిగి కూర్చున్నా పెద్ద తేడా పడదు. ఇంకా చల్లబడ్డాక తేడా తెలుస్తుంది గానీ, అప్పటికి తిరిగే సత్తువ ఉండదు. చలి కదలనివ్వదు, అంతే. సర్దిపెట్టదు. అందుకే కొంత ఎంట్రోపీ మిగిలిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మామూలు మంచుగడ్డ. అందులో ప్రతి ఆక్సిజన్‌కూ నాలుగు ఆక్సిజన్లు పొరుగు. ప్రతి జంట మధ్యా ఒక హైడ్రోజన్, సరిగ్గా నడిమధ్య కాకుండా ఏదో ఒక ఆక్సిజన్ వైపుకు జరిగి ఉంటుంది. ఏ ఆక్సిజన్‌కైనా రెండు హైడ్రోజన్లు దగ్గరగా, రెండు దూరంగా ఉండాలి. 1935లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ ఇలాంటి అమరికలు ఎన్నో ఎంత సులువుగా లెక్కకట్టాడో చూడండి. నాలుగు దిక్కుల్లో రెండింటిని ఎంచుకోవడానికి 6 దారులు (వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోండి). అయితే ఆ రెండు దిక్కుల్లోనూ పొరుగు అణువు తన హైడ్రోజన్‌ను ఇటు పెట్టకూడదు. ఒక్కో చోట ఆ అవకాశం సగం, రెండు చోట్లా కలిపి పావు. ఆరులో పావు ఒకటిన్నర. అంటే అణువుకు ఒకటిన్నర అమరికలు! దాని లాగరిథమ్‌ను వాయు స్థిరాంకంతో (వాయువుల లెక్కల్లో వచ్చే మారని అంకె) గుణిస్తే మంచులో మిగిలిపోయే ఎంట్రోపీ వస్తుంది: మోల్‌కు, కెల్విన్‌కు 3.37 జౌళ్లు. మరుసటి ఏడాది జియోక్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి కొలిస్తే సుమారు 3.4 వచ్చింది. ఇప్పటికీ ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకొక్కటి. నీళ్లలో కొద్దిగా పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి గడ్డకట్టించి, 72 కెల్విన్‌కు కాస్త దిగువన రోజుల తరబడి ఉంచితే, ఆ కలిపినది హైడ్రోజన్లు కదలడానికి దారి ఇస్తుంది. అప్పుడు చాలా మటుకు మంచు ఒకే వరసలోకి వచ్చేస్తుంది.

మీ తాతయ్య