ఏమీ అనిపించని రోజుల్లో

నా ప్రియమైన బిడ్డలారా,

మీకందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు. హైదరాబాదు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకూ, దేవరకొండ, మిర్యాలగూడ, పాలమూరు కాలేజీల్లో చదువుతున్నవాళ్ళకూ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. మీరందరూ తలా ఒక తీరుగా అడిగినా అడిగింది ఒకటే గదా. "పెద్దమ్మా, ఎండాకాలం కూడికల్లో ఏడ్చుకుంట ప్రార్థన చేసినం. దేవుడు పక్కనే ఉన్నట్టు అనిపించింది. ఇప్పుడు మోకాళ్ళూనితే ఏమీ అనిపిస్తలేదు. దేవుడు మమ్మల్ని ఇడిసిపెట్టిండా?"

విడిచిపెట్టలేదు. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అన్న మాట హెబ్రీ పత్రికలో ఉంది. నీకు కన్నీళ్ళు వచ్చినంతకాలమే ఉంటానని ఆయన అనలేదు.

మన నల్గొండ జిల్లా నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్ళు చూడటానికి తేటగా ఉండేవి, నోట్లో పోసుకుంటే ఏ తేడా తెలిసేది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడు మనిషికి హాని. అది ఎంత ఉందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది, నాలుకకు తెలియదు. వేరే నీళ్ళు లేక, మంచివే అనుకొని తాగినవాళ్ళకు పళ్ళు గారపట్టాయి, నడుములు బిగుసుకుపోయాయి, కాళ్ళు వంకరపోయాయి. నాలుక దేవుడిచ్చిందే, ఉప్పు పులుపు చెప్పడానికి అది కావాలి. నీళ్ళలో ఏముందో తేల్చడం మాత్రం దానివల్ల కాదు. మన మనసు కూడా అటువంటిదే. సంతోషపడటానికి, ఏడవటానికి, జాలిపడటానికి దేవుడు దాన్నిచ్చాడు. తాను మనతో ఉన్నాడా లేడా అని తీర్పు చెప్పే పని దానికి అప్పగించలేదు.

అయితే కొందరు బోధకులు భావాలన్నీ శరీర సంబంధమైనవని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచాడు. కీర్తనల గ్రంథంలో మూలుగులు ఎన్నో ఉన్నాయి. 42వ కీర్తన రాసినవాడు "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అని తన ప్రాణాన్నే అడిగాడు. చూడండి, అతను తన దుఃఖం చెప్పేది వింటూ కూర్చోలేదు, తిరిగి దానితోనే మాట్లాడాడు. "దేవునియందు నిరీక్షణ యుంచుము" అని దానికి చెప్పాడు. ఒక్కసారి చెప్తే అది వినలేదు. 43వ కీర్తన చివరికి వచ్చేసరికి అదే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మీలో ఒకరు రాశారు, పాపం ఒప్పుకున్నా క్షమించినట్టు అనిపించడం లేదని. బిడ్డా, 1 యోహాను 1:9 మెల్లగా చదువు. మన పాపములను మనము ఒప్పుకొనిన యెడల, ఆయన "నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" క్షమిస్తాడని ఉంది. ఆ "గనుక" మన ఏడుపు మీద ఆనుకోలేదు, ఆయన గుణం మీద ఆనుకొని ఉంది. అదే పత్రిక మూడో అధ్యాయంలో, మన హృదయం మన మీద నేరం మోపినా "దేవుడు మన హృదయముకంటె అధికుడై సమస్తమును ఎరిగియున్నాడు" అని కూడా రాసి ఉంది. నీ మనసు ఇంకా నేరం మోపుతుంటే, మోపనివ్వు. దానికి పైన ఒకడున్నాడు.

ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టే సంగతి చెప్తాను. పెళ్ళి సంబంధమో, ఉద్యోగమో, స్నేహమో వచ్చినప్పుడు "ప్రార్థన చేసిన పెద్దమ్మా, మనసు నెమ్మదిగా, సమాధానంగా ఉన్నది, కాబట్టి ఇది దేవుని చిత్తమే" అంటారు. వాక్యం వద్దన్న పనికి కూడా ఇదే మాట. యోనా ప్రవక్తను గుర్తుచేసుకోండి. దేవుడు నీనెవెకు పొమ్మంటే తర్షీషు ఓడ ఎక్కాడు. తుఫానుకు ఓడ బద్దలయ్యేట్టుంది, నావికులు హడలిపోయి ఎవరి దేవునికి వాళ్ళు మొరపెడుతున్నారు, యోనా మాత్రం ఓడ అడుగున గాఢంగా నిద్రపోతున్నాడు. దేవునికి వీపు చూపి పారిపోతున్న మనిషికి ఎంత నెమ్మది! ఇక సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటకు రండి. "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అంటున్నాడు యేసు. చెమట రక్తపు బిందువుల్లాగా నేల మీద పడుతోందని లూకా రాశాడు. ఆ రాత్రి తండ్రి చిత్తంలో సరిగ్గా నిలబడింది ఆయనే, ఆయన మనసుకేమో ఊరట లేదు. నెమ్మదిగా ఉంది కదా అని దారి సరైనదనీ, గుండె బరువుగా ఉంది కదా అని దారి తప్పామనీ అనుకోకండి. ముందు వాక్యాన్ని అడగండి, సంఘంలో పెద్దలను అడగండి, ఆ తరువాత మనసు మాట వినండి.

ఏలీయా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీలో ఇద్దరు చచ్చిపోవాలనిపిస్తోందని రాశారు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన ప్రవక్త, యెజెబెలు రాణి చంపిస్తానని ఒక్క కబురు పంపితే అడవిలోకి పోయి, చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి తినిపించాడు. "నేను ఒకడను మాత్రమే మిగిలియున్నాను" అని ఏలీయాకు నిజంగానే అనిపించింది. దేవుని లెక్కలో మాత్రం బయలు అనే అన్యదేవతకు మోకరించనివాళ్ళు ఏడు వేలమంది ఉన్నారు. కాబట్టి బిడ్డలారా, రోజుల తరబడి నిద్రపట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా, దాన్ని విశ్వాసం తక్కువై వచ్చిందని దాచుకోకండి. ఈ రోజే ఇంట్లో చెప్పండి, డాక్టరు దగ్గరికి పోండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఒంటరిగా పోవడానికి భయమైతే నాకు ఫోన్ చేయండి, నేను తోడు వస్తాను.

రష్యా దేశం నుంచి వచ్చిన అబ్రాహాము ఫ్రీజెన్ మిషనరీ దంపతులు 1890లో నల్గొండలో సేవ మొదలుపెట్టారు. అప్పటినుంచి ఈ కరువు నేలలో వాక్యం విన్నవాళ్ళలో ఎంతమందో కూలి చేసుకొని బతికినవాళ్ళే. మా నాయినమ్మకు అక్షరం ముక్క రాదు, చదివించుకొని విని కంఠతా పట్టింది. పాలమూరు నుంచి ఇంటిల్లిపాదీ బొంబాయికి, పుణెకు వలసపోయిన ఏండ్లలో "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అనే హబక్కూకు ప్రవక్త మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ ప్రవక్త కొట్టంలో పశువులు లేవని చెప్పి, ఆ వెంటనే "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్నాడు. ఆనందం పొంగుకొస్తోందని అనలేదు, ఆనందిస్తానని తీర్మానించుకున్నాడు.

ఏమీ అనిపించని రోజున కూడా ప్రార్థన మానకండి. మాటలు రాకపోతే కీర్తన బయటికి చదవండి, 88వది కూడా, అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. ఆదివారం మందిరానికి పోండి. పాట పాడబుద్ధి కాకపోతే పక్కవాళ్ళు పాడుతుంటే వినండి.

దసరా సెలవులకు వచ్చినప్పుడు హబక్కూకు మూడు అధ్యాయాలూ కలిసి చదువుదాం. ఆయన దేవుణ్ణి చాలా ప్రశ్నలు అడిగాడు. మీవి కూడా కాగితం మీద రాసుకొని రండి.

ప్రభువులో మీ
పెద్దమ్మ