పంటి వేరు దాకా వచ్చిన స్టెరాయిడ్

రూట్ కెనాల్ చేయించుకున్నవారిలో కొందరికి, మత్తు దిగిన కొద్దిసేపటికే సలపరం మొదలవుతుంది. నరం తీసేసిన పన్నే ఎత్తు పెరిగినట్టు అనిపించి, ఎదుటి పన్ను ఆనితే చాలు జివ్వుమంటుంది. నొప్పి పుట్టేది పన్నులో కాదు, వేరు కొస చుట్టూ ఉన్న కణజాలంలో. శుభ్రం చేసేటప్పుడు కొస దాటిన బాక్టీరియా, చెత్త, ద్రావణాలు అక్కడ వాపు రేపుతాయి. చుట్టూ ఎముక ఉండడంతో ఉబ్బడానికి చోటు లేక ఆ ఒత్తిడంతా నరాల మీద పడుతుంది. మొదటి 24 నుంచి 48 గంటలే గడ్డుకాలం.

ఈ వాపును స్టెరాయిడ్‌తో అణచాలన్న ఆలోచన దంతవైద్యంలో పుట్టింది కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాత రోగికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూపిన ఫలితం వైద్యలోకాన్ని కదిలించింది. 1950లో కెండాల్, రైఖ్‌స్టైన్‌లతో పాటు హెంచ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కొద్ది ఏళ్లలోనే అదే జాతి హైడ్రోకార్టిజోన్ పంటి వేరులోకీ చేరింది.

1960 ప్రాంతంలో స్విట్జర్లాండులో దంతవైద్యుడు ఆండ్రే ష్రోడర్ కృషితో వచ్చిన ‘లెడర్‌మిక్స్’ పేస్టుతో ఈ పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు తెలిసిన రూపంలో అందులో 1 శాతం ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్, 3 శాతం డెమెక్లోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఉంటాయి. దాన్ని పంటి వేరు కాలువలో నింపి పైన తాత్కాలిక సిమెంటుతో మూసేవారు. యాంటీబయాటిక్‌ను జోడించడం వెనుక ఒక భయం ఉంది: స్టెరాయిడ్ వాపుతో పాటు శరీర రక్షణనూ తగ్గిస్తే బాక్టీరియాకు అడ్డెవరు? ఆ జాగ్రత్తకు మూల్యమూ లేకపోలేదు. టెట్రాసైక్లిన్ జాతి మందు కావడంతో వెలుతురు తగిలిన పన్ను రంగు మారేది.

1980లలో దృష్టి ఇంజెక్షన్లు, మాత్రల మీదికి మళ్లింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను మందు లేని ఉత్తుత్తి మోతాదుతో పోల్చిన పరీక్షల్లో తొలి గంటల్లో నొప్పి తగ్గింది, తరువాత తేడా పలచబడింది. నొప్పి ఎలాగూ తనంతట తాను తగ్గుతుంది కనుక ఇందులో వింతేమీ లేదని నాకనిపిస్తుంది. ఇబుప్రోఫెన్, నొప్పినీ వాపునూ రేపే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఒక మెట్టు దగ్గర ఆపితే, స్టెరాయిడ్ అంతకన్నా పై మెట్టులోనే, వాటి ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం విడుదలనే తగ్గిస్తుంది.

అయినా నేటికీ ముందువరుసలో ఉన్నది ఇబుప్రోఫెన్, పారాసెటమాల్‌లే. స్టెరాయిడ్ అదనపు ఆయుధం మాత్రమే. షుగరు ఉన్నవారిలో ఒక్క మోతాదు డెక్సామెథసోన్ కూడా రక్తంలో చక్కెరను పెంచగలదు; చీము పట్టి, బుగ్గ వాచి, జ్వరం వచ్చినప్పుడైతే అది నొప్పిని కప్పిపుచ్చుతుందే గాని, వేరులో మిగిలిన బాక్టీరియాను తాకదు.