కస్టమ్ ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకునేవారి అపోహలు – వాస్తవాలు

కస్టమ్ ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటూ మా వర్క్‌షాపుకు వచ్చేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "బాడీకి ఏ చెక్క వాడతారు?" చేతికి ఎంత లావు నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి మెడ భాగం) నప్పుతుంది, కూర్చుని వాయిస్తారా నిలబడి వాయిస్తారా, ఏ గేజ్ (మందం) తీగలు వేస్తారు అని నేను తిరిగి అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. అందుకు వారిని తప్పుపట్టలేం. వీడియోల్లోనూ అమ్మకందారుల నోటా వారు విన్నదంతా చెక్కల పేర్లే. ఆ పేర్ల వెంట పడి డబ్బు పోగొట్టుకున్నవారు హైదరాబాదులో నాకు తరచూ ఎదురవుతున్నారు కాబట్టి ఆ సంగతే ముందుగా, వివరంగా రాస్తాను.

అపోహ: ఖరీదైన చెక్క పెడితే ధ్వని దానంతటదే బాగుంటుంది

అకూస్టిక్ గిటార్ విషయంలో ఈ మాటలో చాలా నిజం ఉంది. అక్కడ తీగ కంపనాన్ని గాలిలోకి పంపేది పైపలకే. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ పని పికప్‌ది. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగే పికప్. దాని మీద ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. కింద ఉన్నది మహాగనియో మామిడో పికప్‌కు తెలియదు, తీగ ఎలా కదులుతోందన్నదే దానికి తెలుస్తుంది. ఆ కదలిక మీద చెక్క ప్రభావం అసలే ఉండదని నేను అనను. కానీ పికప్ ఏ రకానిది, బ్రిడ్జికి (బాడీ మీద తీగలు ఆనే భాగానికి) ఎంత దూరంలో ఉంది, తీగలకు ఎంత దగ్గరగా ఉంది, ధ్వనిని సవరించే నాబ్‌ల కింద ఉండే పాట్ల (మారే నిరోధాల) విలువ ఎంత, ఆంప్లిఫయర్‌లోని స్పీకర్ ఏది అనేవాటి పక్కన పెట్టి చూస్తే ఆ ప్రభావం చాలా చిన్నది. హంబకర్ (రెండు చుట్టల పికప్) ఉన్న గిటార్‌లో 250 కిలో ఓమ్‌ల పాట్ తీసి 500 కిలో ఓమ్‌లది పెట్టండి, ధ్వని తేటపడడం సంగీతం రానివారికి కూడా వినబడుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలు పాట్‌కు పెద్దగా ఖర్చు కూడా కాదు.

చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 1940 ప్రాంతంలో అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ నాలుగంగుళాల పైన్ దిమ్మెకు నెక్, పికప్‌లు బిగించి వాయించాడు. వినేవారికి అది గిటార్‌లా కనబడాలని ఎపిఫోన్ కంపెనీ గిటార్ ఒకదాన్ని కోసి, ఆ ముక్కలను దిమ్మెకు రెండు పక్కలా తగిలించాడు. 1963లో తండ్రితో కలిసి సొంత గిటార్ చేయడం మొదలుపెట్టిన బ్రయన్ మే (తర్వాత క్వీన్ బ్యాండ్ గిటారిస్టు), నెక్‌కు పాత ఫైర్‌ప్లేస్ చట్రం నుంచి తీసిన మహాగనిని, ట్రెమొలోకు (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే మీటకు) పాత మోటార్ సైకిల్ వాల్వ్ స్ప్రింగులను, ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) గుర్తులకు ముత్యపు చిప్ప గుండీలను వాడాడు. ఆ గిటార్‌నే దశాబ్దాల పాటు ప్రపంచమంతటా వాయించాడు. దాని బాడీ ఓక్ చెక్క, చెక్క ముక్కలు అతికించి చేసే చవక పలక (blockboard) కలయిక. అదే బాడీ ఈరోజు నేను ఇస్తానంటే ముందు ముఖం చిట్లిస్తారు.

చెక్క విషయంలో నిజంగా పట్టుబట్టవలసిన చోటు నెక్. అక్కడ కూడా జాతి కన్నా ముఖ్యమైనవి రేఖల తీరు, తేమ. నిలువు రేఖలు వచ్చేలా కోసిన చెక్క తక్కువగా వంకర పోతుంది. తేమ ఆరు నుంచి ఎనిమిది శాతానికి దిగేదాకా ఆరబెట్టి, గదిలో కొంతకాలం ఉంచి, అప్పుడు ఉలి పట్టాలి. టింబర్ డిపోలో వానాకాలంలో కొన్న పలకను ఆ వారమే నెక్‌గా చెక్కేవారు ఉన్నారు. దాని ఫలితం మరుసటి ఏప్రిల్‌లో బయటపడుతుంది.

ఒక ఎండాకాలం కొండాపూర్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రవాడు వేరే చోట చేయించుకున్న గిటార్ తెచ్చాడు. పైన పులిచారల మేపుల్, దాని మీద అద్దంలాంటి పాలిష్, చూడముచ్చటగా ఉంది. కాటా మీద పెడితే నాలుగున్నర కిలోలు దాటింది. "నాకే వాయించడం రావట్లేదేమో అన్నా, అమ్మేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఫింగర్‌బోర్డు (నెక్ పైన ఫ్రెట్లు దిగగొట్టే పలక) అంచు వెంట బొటనవేలు జరిపితే ప్రతి ఫ్రెట్ కొస దగ్గరా గుచ్చుకుంది. పచ్చిదనం పూర్తిగా పోని ఫింగర్‌బోర్డు ఏసీ గదిలో, ఎండాకాలపు పొడిలో కుంచించుకుపోయింది. లోహం కుంచించుకోదు కాబట్టి కొసలు బయటికి పొడుచుకొచ్చాయి. నట్ (నెక్ పై కొసలో తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులు తగినంత లోతు లేకపోవడంతో మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టడానికి వేళ్లు నొప్పి పుట్టేవి, పట్టినా శ్రుతి పైకి జారేది. ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర ఒకటి మిగతావాటి కన్నా ఎత్తుగా ఉండి తీగ బురబురలాడేది. వాయించడం రాక కాదు, ఆ గిటార్ మీద ఎవరు వాయించినా అంతే. ఫ్రెట్ల తలలు సమం చేసి, మళ్లీ గుండ్రం తీర్చి, కొసలు రాచి, నట్ గాడులు లోతు చేసి ఇచ్చాను. అతను నా బల్ల పక్కనే కూర్చుని వాయించడం మొదలుపెట్టి ఎంతకీ లేవలేదు. ఆరోజు నా భోజనం సాయంత్రానికి జరిగింది. పై మేపుల్ పలకకు అతను పెట్టిన డబ్బులో చిన్న వాటా ఖర్చు చేస్తే చాలు, ఈ పనంతా మొదటే అయి ఉండేది.

కాబట్టి నాతో బేరమాడదలచుకుంటే బాడీ చెక్క దగ్గర ఆడండి, ఫ్రెట్ల పని దగ్గర ఆడకండి. ఫ్రెట్ల లెక్కలో సర్దుబాటు ఉండదు: స్కేల్ పొడవును (నట్ నుంచి బ్రిడ్జి దాకా ఉండే తీగ పొడవును) 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. అమెరికన్ కంపెనీ ఫెండర్ పద్ధతిలో 648 మిల్లీమీటర్ల స్కేల్ అయితే అది 36.4 మిల్లీమీటర్లు. ఈ కొలతలన్నీ నట్ నుంచే తీయాలి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులన్నీ పోగై పన్నెండో ఫ్రెట్ దగ్గరికి శ్రుతి చెడుతుంది.

అపోహ: మన చెక్కలు పనికిరావు, విదేశీ చెక్కే కావాలి

అమెరికన్ గిటార్ల ఫింగర్‌బోర్డుల్లో విరివిగా కనబడే ఇండియన్ రోజ్‌వుడ్ మన జిట్టేగే. టేకుతో కూడా మంచి బాడీలు వస్తాయి. దానిలోని నూనె వల్ల అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి, దానిలోని సిలికా వల్ల పనిముట్లు త్వరగా మొద్దుబారతాయి, అంతే. ఎర్రచందనంతో చేయమని అడిగేవారు కూడా వస్తుంటారు. అది చాలా బరువైన చెక్క అన్నది అలా ఉంచితే, అనుమతి పత్రాలు లేకుండా దాన్ని కొనడం, తరలించడం నేరం. ఆ సంభాషణ నేను అక్కడితో ముగిస్తాను.

అపోహ: పికప్ ఓమ్‌లు ఎక్కువైతే నాణ్యత ఎక్కువ

ఆ అంకె రాగి తీగ నిరోధం మాత్రమే. తీగ సన్నబడినా పెరుగుతుంది, చుట్లు ఎక్కువైనా పెరుగుతుంది. చుట్లు పెరిగే కొద్దీ శబ్దం బలపడి, పై స్వరాల మెరుపు తగ్గుతుంది. కొత్త పికప్ కొనే ముందు ఉన్నదాని ఎత్తు సవరించి చూడండి. సింగిల్ కాయిల్‌ను (ఒకే చుట్ట పికప్‌ను) మరీ పైకి లేపితే దాని అయస్కాంతమే తీగను లాగి, లావు తీగల శ్రుతిని చెడగొడుతుంది.

అపోహ: నెక్ ఎంత సన్నగా ఉంటే అంత వేగంగా వాయించవచ్చు

కొందరికి అవును, చాలామందికి బొటనవేలి నొప్పి. మీకు ఇష్టమైన గిటార్ ఏదైనా, ఎంత చవకదైనా, దాన్ని పట్టుకురండి. వెర్నియర్‌తో మొదటి ఫ్రెట్ దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర మందం కొలిచి అంతే ఇస్తాను.

అపోహ: నెక్ కదిలిందంటే గిటార్ పాడైపోయినట్టే

ఈ భయంతో జూలైలో ఫోన్ చేసేవారిని నేను విసుక్కోను. మే నెల పొడిగాలికి అలవాటుపడిన చెక్క మొదటి వానలకు కదలకుండా ఉండదు. ట్రస్ రాడ్ (నెక్ వంపు సవరించే లోపలి కడ్డీ) ఉన్నది అందుకే. పావు తిప్పు తిప్పి, ఒక రోజు ఆగి, మళ్లీ చూడాలి. బలంగా తిప్పవలసి వస్తే అక్కడే ఆపి తీసుకురండి.

అపోహ: ఒకే గిటార్‌తో అన్నీ వాయించేలా చేయించుకోవచ్చు

మూడు రకాల పికప్‌లు, ఆరు స్విచ్‌లు, ట్రెమొలో, వీటన్నిటినీ ఒకే బాడీలో కోరేవారు చివరికి ఒక్క స్విచ్‌ను ఒక్క చోటే ఉంచి వాయిస్తారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేసిన మార్పు చూడండి: జంట తీగల మాండొలిన్ మీద గమకాలు సాగవని ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఏ సంగీతానికి ఏది అడ్డొస్తోందో తెలిసి కోరిన కోరిక అది. గిటార్ మీద గమకాలు పలికించాలనుకునేవారికి ఫ్రెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిచే పద్ధతి ఉంది. తీగ సులువుగా వంగుతుంది కానీ, గట్టిగా నొక్కే అలవాటున్నవారికి ప్రతి స్వరం కొంచెం పైకి పోతుంది. ముందు నా దగ్గరున్న అలాంటి గిటార్ వాయించి చూశాకే నిర్ణయించుకోమంటాను.

అపోహ: రెండు వారాల్లో అయిపోతుంది

లక్కర్ పాలిష్ పైకి ఆరినట్టు కనబడినా లోపలి ద్రావకం వారాల తరబడి బయటికి పోతూనే ఉంటుంది. తొందరపడి బఫింగ్ చేస్తే ఆ మెరిసే ఉపరితలం తర్వాత చెక్క రంధ్రాల వెంట కుంగుతుంది. కాలేజీ ఫెస్ట్ ఉందనో, స్నేహితుడి సంగీత్ ఉందనో అడిగేవారికి ఆ రాత్రికి నా గిటార్ ఒకటి అరువు ఇచ్చి పంపుతాను, బఫింగ్ తేదీని మాత్రం ముందుకు జరపను.